రెండో క్లోవిస్ జూబేర్

మా అన్నయ్య యుద్ధం నుంచి తిరిగొచ్చిన మరుసటి ఏడు వసంతంలో, మా ఊరు వెర్డీన్ కోర్టులో కూర్చునే ఓటర్ల రిజిస్ట్రారు అతన్ని ఒక్క మాటతో జైలు పక్షిని చేసేశాడు. ఆ మాట అన్నప్పుడు నేను అన్నయ్య వెనకే నిలబడి ఉన్నాను.

అన్నయ్య పేరు క్లోవిస్ జూబేర్. ఫ్రాన్సులో మంచు కురుస్తుండగా, మంటలంటుకున్న ట్యాంకులోంచి ఇద్దరిని బయటికి లాగి, మూడోవాడి కోసం మళ్ళీ లోపలికి దూరినవాడు. ఆ మూడోవాడు దక్కలేదు. అన్నయ్య ఎడమచెయ్యి మోచేతి దాకా కాలి, చర్మం ముడుచుకుపోయింది. సర్కారువారు సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు. అమ్మ దాన్ని మేరీమాత బొమ్మ పక్కన పెట్టి రోజూ తుడిచేది. అన్నయ్య దాని వంక చూసేవాడు కాదు. అతనికి కావలసింది ఓటు. మా సెయింట్ ఒడీల్ జిల్లాలో నల్లవాళ్ళెవరైనా ఓటేయడం అమ్మ ఎరగదు, అమ్మమ్మా ఎరగదు.

రిజిస్ట్రారు పేరు హార్‌గ్రోవ్. మొదటిసారి వెళితే వయసు ఏళ్ళూ నెలలూ రోజుల్లో లెక్కకట్టి చెప్పమన్నాడు. అన్నయ్య తడుముకోకుండా చెప్పాడు. రెండోసారి, నిన్నెరిగిన ఓటర్లను ఇద్దరిని తెమ్మన్నాడు. చర్చి ఫాదరు, మందుల షాపు ముసలాయన, ఇద్దరూ తెల్లవాళ్ళే, వచ్చి సంతకాలు పెట్టారు. ఇక సాకులు అయిపోయాయనుకుని మూడోసారి వెళ్ళాం.

హార్‌గ్రోవ్ తల కూడా ఎత్తలేదు. "ఏరా, నీకు శిక్ష పడిన సంగతి చెప్పలేదే?"

"నాకు శిక్షేమిటండీ?"

"క్లోవిస్ జూబేర్, నల్లవాడు. పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటి. డిప్యూటీ షెరీఫ్ మీద చెయ్యి చేసుకున్నందుకు ఏడాది కఠిన శిక్ష, ఈ కోర్టులోనే. నీ పేరేగా ఇది? ఖైదు పడ్డవాడికి ఓటు లేదు. పో."

"ముప్ఫై ఒకటిలో నేను పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నానండీ. ఆయన వేరు. ట్రంపెట్ వాయించే క్లోవిస్ జూబేర్."

అక్కడ బల్ల మీద ఇద్దరు చెరకు రైతులూ, ఊరి పత్రిక నడిపే ఆయనా కూర్చుని ఉన్నారు. హార్‌గ్రోవ్ వాళ్ళ వైపు చూసి కన్నుగీటాడు. "పేర్లు సరిపోక ఒకటే ఇద్దరు పంచుకున్నార్టయ్యా! సరే, ఆ రెండోవాణ్ణి తీసుకొచ్చి నీ పక్కన నిలబెట్టు. నా చేత్తో నేనే నీ పేరు రాస్తాను, పో." ముగ్గురూ పడీపడీ నవ్వారు.

అన్నయ్య "మంచిదండీ" అని బయటికి నడిచాడు. మెట్ల మీద టోపీ పెట్టుకుంటూ, "విన్నావుగా ఫిలో?" అన్నాడు. నా పేరు ఫిలొమీన్. ఫిలో అనేది ఇంట్లో పిలుపు.

"వెటకారం చేశాడన్నయ్యా. వినకేం!"

"ఎలా అంటేనేం. నలుగురి ముందు అన్నాడు. నలుగురి ముందే నిలబెడతాను."

ఆ రెండో క్లోవిస్ జూబేర్ ఎవరో మాకు తెలియకపోవడమేమిటి! ఆయన రికార్డులు మా వీధి చివర హోటల్లో పాటల పెట్టెలో వేసి వినేవాళ్ళం. ఆ పేరు వల్ల అన్నయ్య సైన్యంలో పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఎక్కడికి బదిలీ అయినా ముందు ఓ ట్రంపెట్ తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళట, "కానీ గురూ, ఒకటి వాయించు" అని. అన్నయ్యకు ఈల వెయ్యడం కూడా రాదు. మా జిల్లాలో జూబేర్లు చెరకు గడల్లా ఉంటారు, పూర్వం జూబేర్ దొర తోటలో పనిచేసిన వాళ్ళందరికీ అదే ఇంటిపేరు. ఆయన తండ్రి కూడా ఇక్కణ్ణించి పట్నం వెళ్ళినవాడేనని అమ్మ చెప్పేది. అంతకు మించి చుట్టరికం ఏదీ తేలలేదు.

అమ్మ ససేమిరా అంది. "ప్రాణాలతో తిరిగొచ్చావు, అది చాలదూ? ఆ కాగితం మీద పేరు లేకపోతే అన్నం అరగదా నీకు?"

"అరగడం లేదమ్మా," అన్నాడు అన్నయ్య.

ఈస్టరు సెలవులు. నల్లపిల్లల బడిలో నేను పంతులమ్మను. తోడు వస్తానంటే అన్నయ్య కాదనలేదు. బస్సులో వెనక సీట్లలో కూర్చుని న్యూ ఆర్లీన్స్ వెళ్ళాం.

ట్రెమే పేటలో ఒక సంఘం హాలులో ఆయన బృందం మధ్యాహ్నాలు సాధన చేసుకుంటోంది. మేం వెళ్ళేసరికి పాట మధ్యలో ఉన్నారు. ఆయన నలభై అయిదేళ్ళ మనిషి, పొడుగ్గా, చొక్కా చేతులు మడుచుకుని ఉన్నాడు. ట్రంపెట్‌ని అందరిలా నోటికి మధ్యన కాకుండా కుడివైపు వాల్చి పెట్టుకున్నాడు. పాట అయ్యాక మా వైపు తిరిగి, "ఎవరు కావాలి బాబూ?" అన్నాడు.

"క్లోవిస్ జూబేర్ గారండీ."

"నేనే. నీ పేరు?"

"క్లోవిస్ జూబేరండీ."

డ్రమ్ములాయన కర్రలు కింద పడేసి నవ్వాడు. ట్రంపెటాయన మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని అన్నయ్యను ఎగాదిగా చూశాడు. "ఓహో, ఆ సార్జెంటువి నువ్వేనా! నాయనా, నా కొంప ముంచావు కదా! నీ పతకం సంగతి మన పేపర్లో పడ్డ దగ్గర్నుంచి మంగలి నాకు సెల్యూట్ కొట్టి గడ్డం గీస్తున్నాడు. చర్చి ముసలమ్మలు బుగ్గలు నొక్కుతున్నారు. నన్నొదిలేసి పోయిన మా ఆవిడ కూడా తిరిగొస్తానని కబురెట్టింది. నేను కాదు తల్లీ అంటే వినదే!"

"నాకూ తక్కువేం కాలేదండీ. ఫ్రాన్సులో ఒక పెళ్ళిలో నన్ను బల్లెక్కించారు, వాయించేదాకా దిగనివ్వలేదు."

"మరేం చేశావు?"

"ఊదానండీ. వాళ్ళే దింపేశారు."

అప్పుడు అందరం నవ్వాం. కాఫీ వచ్చింది. కాఫీ తాగుతూ అన్నయ్య వచ్చిన పని చెప్పాడు. వెర్డీన్ పేరు వినగానే ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. కప్పు పక్కన పెట్టాడు.

"ఆ ఊరి పొలిమేర తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను సార్జెంటూ. ఎందుకో తెలుసా? ముప్ఫై ఒకటిలో అక్కడ డాన్సుకి వాయించి, సామాను సర్దుకుని వస్తున్నాం. క్రెన్‌షా అని డిప్యూటీ షెరీఫ్, పోలీసు కుర్రవాడు, కారడ్డం పెట్టి, 'నాకోసం ఒకటి వాయించు' అన్నాడు. వాయించాను. ఇంకోటన్నాడు. వాయించాను. నాలుగోదో అయిదోదో అయ్యాక పెదాలు వాచిపోయాయి, ఇక నా వల్ల కాదు దొరా అన్నాను. ట్రంపెట్ ఇంకా నోటి దగ్గరే ఉంది. దాని మీద లాఠీతో కొట్టాడు."

పై పెదవి ఎత్తి చూపించాడు. ఎడమవైపు ముందు పళ్ళు మూడు లేవు.

"అదే ట్రంపెట్‌తో వాడి మొహం మీద ఒక్కటిచ్చాను. ఏడాది పాటు కరకట్ట మీద మట్టి మోయించారు. బయటికొచ్చాక ఈ పక్కనుంచి ఊదడం నేర్చుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. చిన్నపిల్లాడిలా సరిగమలు మొదట్నుంచీ. ఇప్పుడు నువ్వొచ్చి, మళ్ళీ వెళ్ళి వాళ్ళకి నా మొహం చూపించమంటున్నావు. నీ ఓటు కోసం! రానయ్యా. కాఫీ తాగి వెళ్ళండి."

అన్నయ్య బతిమాలలేదు. టోపీ తీసుకుని, "రేపొస్తానండీ," అన్నాడు.

"రేపెందుకు? రానన్నానుగా!"

"రేపు మళ్ళీ అడుగుతాను."

మా పిన్ని కూతురింట్లో దిగాం. అన్నయ్య రేవులో అరటిగెలలు దించే పనికి కుదిరాడు. తెల్లవారుజామున వెళ్ళి, మధ్యాహ్నానికి పని ముగించుకుని, ఒళ్ళు కడుక్కుని, తెల్లచొక్కా వేసుకుని ఆ హాలుకి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చునేవాడు. సాధన అయ్యాక లేచి అడిగేవాడు. ఆయన కాదనేవాడు. సెలవులయ్యాయి, నేను వెర్డీన్ వెళ్ళి బడిలో పాఠాలు చెప్పి శనివారం మళ్ళీ వచ్చాను. అన్నయ్య అదే కుర్చీలో ఉన్నాడు.

"నీకు పాటలో ఓనమాలు తెలుసా అసలు?" అన్నాడాయన ఆ రోజు విసుగ్గా.

"తెలీదండీ."

"మరి జలగలా పట్టుకున్నావేమయ్యా! నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు స్వరం తప్పుతోంది."

"ఒక్కసారి రండి, ఇక మీ కంట పడను."

ఆయన కుర్చీ లాక్కుని అన్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. "నిజం చెప్పు. నేనొస్తే అక్కడ నన్నేం చేస్తారు?"

"తెలీదండీ. ఏమీ చెయ్యకపోవచ్చు. కొట్టొచ్చు. ఏదో నేరం కట్టి లోపలెయ్యొచ్చు. క్రెన్‌షా ఇంకా అక్కడే ఉన్నాడు, ఇప్పుడు పెద్ద డిప్యూటీ."

"ఇలాగేనా మనిషిని ఒప్పించడం? ఏం కాదు, నేనున్నానుగా అనాలి."

"యుద్ధంలో మా లెఫ్టినెంటు రోజూ అదే అనేవాడండీ, ముందు రోడ్డు ఖాళీయే, ఏం కాదు అని. అలా అన్న రోజునే మా ట్యాంకు కాలింది. అందుకని నేను ఎవరికీ ఆ మాట చెప్పను. మీ పక్కన మాత్రం ఉంటాను. అది చెప్పగలను."

ఆయన ఒళ్ళోని ట్రంపెట్‌ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అన్నయ్య మళ్ళీ అన్నాడు, "మీరు చేసింది తప్పని నేననుకోను. కానీ మీకు ఏడాది వేశారు. అదే శిక్ష నాకు జన్మంతా వేస్తున్నారు. మీ ఏడాది అయిపోయిందని వాళ్ళతో చెప్పడానికి రండి."

ఆయన ఉన్నట్టుండి లేచి డ్రమ్ములాయన వైపు తిరిగాడు. "అందరం వెళ్దాం. చర్చి దగ్గర్నుంచి కోర్టు దాకా వాయించుకుంటూ వెళ్దాం. దొంగలా వెళ్ళను నేను."

"వద్దండీ," అన్నాడు అన్నయ్య.

"ఏం? నా వాయింపు నామోషీనా?"

"ఒక్క స్వరం వినబడితే అల్లరి చేశారని అందరినీ లోపలేస్తారు, పేరు రాసే పని అక్కడితో ఆగిపోతుంది. మంచి సూటు వేసుకుని, చేతులూపుకుంటూ, పట్టపగలు నడిచి వెళ్దాం. వాళ్ళకి సాకు ఇవ్వకూడదు."

ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. పక్కవాళ్ళకి ఎవరేమంటున్నారో తెలియకుండా, "ఏమయ్యా జూబేర్", "ఏమండీ జూబేర్ గారూ" అని ఒకటే గొడవ. చివరికి ఆయనే తగ్గాడు. "సరే, నీ పటాలం, నీ ఇష్టం. కానీ నన్ను అండీ గిండీ అనకు. చిరాగ్గా ఉంది, నా పేరుతో నన్ను నేనే గౌరవించుకుంటున్నట్టుంది. బాబాయ్ అను."

ఆదివారం ముగ్గురం బస్సులో వెర్డీన్ వచ్చాం. సోమవారం ఉదయం నేను బడికి సెలవు పెట్టాను. ముగ్గురం కోర్టుకి నడిచి వెళ్ళాం. బాబాయ్ బూడిదరంగు సూటు వేసుకున్నాడు. ట్రంపెట్ పెట్టె ఎప్పుడూ వదలని మనిషి, దాన్ని మా అమ్మ చేతికిచ్చి వచ్చాడు. పెట్టె లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబులో పెట్టి తీస్తున్నాడు.

వసారాలో క్రెన్‌షా గోడకి ఆనుకుని ఉన్నాడు. లావెక్కాడు, జుట్టు పలచబడింది. కనుబొమను రెండుగా చీలుస్తూ తెల్లటి మచ్చ. మమ్మల్ని చూశాడు, చూపు బాబాయ్ మీద ఆగిపోయింది. మా వెనకే లోపలికి వచ్చాడు.

అన్నయ్య బల్ల ముందు నిలబడ్డాడు. "మీరు తెమ్మన్న రెండో క్లోవిస్ జూబేర్ గారండీ. తీసుకొచ్చాను."

హార్‌గ్రోవ్ మొహం చూడాలి! ఆ రోజు కూడా పత్రికాయన అక్కడే ఉన్నాడు. ఇంకా నలుగురైదుగురు పనుల మీద వచ్చినవాళ్ళున్నారు. హార్‌గ్రోవ్ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "ఎవణ్ణో రోడ్డు మీద పట్టుకొచ్చి వీడేనంటే నమ్మేస్తానా? వీడే వాడని నాకేమిటి గుర్తు?"

"నా పళ్ళు చూడండి," అన్నాడు బాబాయ్.

"పళ్ళు లేనివాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఏం క్రెన్‌షా, ఎప్పుడైనా చూశావా వీణ్ణి?" కాదను, కాదను అని ఆ గొంతు చెబుతూనే ఉంది. నాకే వినబడింది, క్రెన్‌షాకి వినబడకపోవడమేమిటి!

క్రెన్‌షా రెండడుగులు ముందుకొచ్చాడు. ఎర్రబడ్డ మొహంతో బాబాయ్‌ని చూస్తూ కనుబొమ మీద మచ్చ వేలితో తడుముకున్నాడు. "చూడకపోవడమేమిటి? వీడే. నరకంలో కనబడినా గుర్తుపడతాను. నన్ను ఇత్తడితో కొట్టిన వెధవ వీడే."

అన్నయ్య మెల్లగా అడిగాడు, "మరి నేను కాదుగా డిప్యూటీ గారూ?"

"నువ్వెవడివి? నిన్నెవడు చూశాడు? వీడు!"

అప్పటికి గానీ తనేమన్నాడో అతనికి అర్థం కాలేదు. హార్‌గ్రోవ్ పెన్ను బల్ల మీద పడేసి, "ఆఫీసు మూసే వేళయింది. రేపు రండి," అన్నాడు. బయట ఇంకా పొద్దుటి ఎండే.

వసారాలో క్రెన్‌షా బాబాయ్‌కి అడ్డం నిలబడ్డాడు. "ఏరా, బూర తెచ్చుకున్నావా? ఒకటి వాయించు, చాలా ఏళ్ళయింది విని."

బాబాయ్ ఖాళీ చేతులు రెండూ చాపి చూపించాడు. "శనివారం శనివారం న్యూ ఆర్లీన్స్‌లో వాయిస్తాను దొరా. అక్కడికొస్తే అందరితో పాటు మీరూ వినొచ్చు."

క్రెన్‌షా చెయ్యి లాఠీ మీదికి పోయింది. అన్నయ్య వచ్చి బాబాయ్ భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు, కాలిన చెయ్యి పక్కకి వదిలేసి. నేనూ కదల్లేదు. లోపలివాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. పత్రికాయన దగ్గి, "ఎందుకులే క్రెన్‌షా, కాఫీకి పోదాం పద," అన్నాడు. క్రెన్‌షా ఉమ్మేసి పక్కకి తప్పుకున్నాడు.

మర్నాడు వెళితే హార్‌గ్రోవ్ రాలేదు. ఆ మర్నాడు తలుపు తాళం వేసి ఉంది. బాబాయ్ ఒక్కపూటకని వచ్చినవాడు మా ఇంట్లోనే ఉండిపోయాడు. శనివారం కచేరీకి కూడా వెళ్ళలేదు. రోజూ తెల్లవారగానే ఇద్దరు జూబేర్లూ కోర్టు వసారాలో ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి మనవాళ్ళు రావడం మొదలుపెట్టారు. దూరంగా వీధి అవతల నిలబడి చూసి వెళ్ళేవాళ్ళు. కొందరు తర్వాత దగ్గరికి వచ్చారు.

అన్నయ్య సెలవు పెట్టిన చక్కెర మిల్లువాళ్ళు అతన్ని పనిలోంచి తీసేశారు. మూడో వారంలో నన్ను బడికి రావద్దన్నారు. అమ్మ ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని బాబాయ్‌కి ఇంకో గరిటె గంబో పులుసు వడ్డించి, "తినండి, రేపు మళ్ళీ కూర్చోవాలిగా," అంది. అంతకు ముందు ఆమె ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మనవాళ్ళ వకీలు ఒకాయన న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చాడు. హార్‌గ్రోవ్ గదిలోకి వెళ్ళి, క్రెన్‌షా అన్న మాట విన్నవాళ్ళెందరో చెప్పాడు. పత్రికాయనని కూడా ఫెడరల్ కోర్టుకి పిలిపిస్తానన్నాడు. పత్రికాయన మాకేమీ మేలు చేద్దామనుకున్నవాడు కాదు. కానీ ప్రమాణం చేసి అబద్ధం చెప్పేంత చెడ్డవాడూ కాదు, అది హార్‌గ్రోవ్‌కీ తెలుసు.

మే నెలలో ఒక గురువారం హార్‌గ్రోవ్ తలుపు తీసి, "జూబేర్, రా," అన్నాడు. ఇద్దరూ లేచారు. "చిన్నవాడు," అన్నాడు పళ్ళు కొరుకుతూ. అన్నయ్య వెళ్ళాడు. హార్‌గ్రోవ్ తన చేత్తోనే పేరు రాశాడు. అన్నయ్య అక్షరాలు సరిచూసుకుని, "ఇక్కడ ఇంకో అక్షరం ఉండాలండీ," అన్నాడు. హార్‌గ్రోవ్ దిద్దాడు. బయటికొచ్చాక బాబాయ్ బల్ల మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. అన్నయ్య ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత అన్నయ్యకు పని దొరకడం కష్టమైంది. చివరికి వడ్రంగం నేర్చుకుని అందులో నిలదొక్కుకున్నాడు. నేను చర్చి హాల్లో ప్రైవేటు బడి పెట్టాను. సాయంత్రాలు అదే హాల్లో అన్నయ్య, పేరు రాయించుకోవాలనుకునే వాళ్ళకి తర్ఫీదు ఇచ్చేవాడు. మరుసటి ఏడు ఎన్నికల నాటికి మా జిల్లాలో పదిహేడుమంది మనవాళ్ళకి ఓటొచ్చింది. అందులో నేనూ ఉన్నాను.

బాబాయ్‌కి మాత్రం ఓటు లేదు. శిక్ష మాఫీ అయితే తప్ప రాదన్నారు. "ఈసారి నా వంతు," అని అన్నయ్య దాని వెంట పడ్డాడు. రాజధాని బాటన్ రూజ్‌కి ఎన్నిసార్లు తిరిగాడో! చివరికి మాఫీలిచ్చే బోర్డువాళ్ళు మెత్తబడ్డారు. చేసిన పనికి పశ్చాత్తాపపడుతున్నానని ఒక్క మాట రాసి సంతకం పెడితే చాలన్నారు. అన్నయ్య ఆ కాగితం పట్టుకుని న్యూ ఆర్లీన్స్‌లో బాబాయ్ సాధన చేసే హాలుకి వెళ్ళాడు. నేనూ ఉన్నాను.

బాబాయ్ చదివి తిరిగిచ్చేశాడు. "పశ్చాత్తాపం లేదురా. రేపు మళ్ళీ పళ్ళు రాలగొడితే మళ్ళీ కొడతాను. అబద్ధం రాసి ఓటు తెచ్చుకోనా?"

"ఒక్క మాటే కదా బాబాయ్!"

"ముందు రోడ్డు ఖాళీయే అనేది కూడా ఒక్క మాటేగా సార్జెంటూ."

అన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ బాటన్ రూజ్ వెళ్ళి, ఆ ఒక్క వాక్యం తీసేసి మాఫీ ఇమ్మని అడిగాడు. కుదరదన్నారు. మరుసటి ఏడు మళ్ళీ అడిగాడు. బాబాయ్ పోయేదాకా, పన్నెండేళ్ళూ అడుగుతూనే ఉన్నాడు.

ఆ పన్నెండేళ్ళలోనూ ఎన్నికలెప్పుడొచ్చినా బాబాయ్ ముందురోజే బస్సెక్కి వెర్డీన్ వచ్చేవాడు. పొద్దున్నే సూటు వేసుకుని, ట్రంపెట్ పెట్టె చేత పట్టుకుని, అన్నయ్యతో పాటు కోర్టు దాకా నడిచేవాడు. మేం లోపలికి వెళితే ఆయన మెట్ల కింద నిలబడి సిగరెట్టు కాల్చుకుంటూ, వరసలో భయపడుతున్న ముసలివాళ్ళని పలకరిస్తూ ఉండేవాడు. "పద పెద్దాయనా, ఏం కాదని చెప్పను గానీ, పద," అనేవాడు. వాళ్ళు నవ్వి మెట్లెక్కేవాళ్ళు.